కీబోర్డు నీ చేతికి తీసుకో పాపా

పాపా,

నిన్న రాత్రి హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, కంప్యూటర్ పేపర్ నాకేమీ అర్థం కావడం లేదు. ల్యాబ్‌లో పక్కన కూర్చుని చూస్తున్నా, అంతే" అన్నావు. అర్థం కావడం లేదన్న మాటకు నాకు దిగులు లేదు. నువ్వు కాలేజీలో చేరి నెల కూడా కాలేదు. పక్కన కూర్చుని చూస్తున్నా అన్నావే, ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు.

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఈ పేపరే ఇరవై ఆరేళ్లు చెప్పాను. ప్రతి ఏడూ ఒకటే చూశాను. సిస్టమ్ ఒకటి, పిల్లలు ఇద్దరు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్ల కీబోర్డు ముందు కూర్చుంటుంది. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని, "నువ్వు చెయ్యి, నేను రాసుకుంటా" అంటుంది. సెమిస్టర్ అయ్యేసరికి ఆ పిల్ల రికార్డ్ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటుంది. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజున ఒక్కతే సిస్టమ్ ముందు కూర్చునేసరికి మౌస్ పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఆ టెన్షన్ తెలివి లేక వచ్చేది కాదు. చేతికి అలవాటు లేక వచ్చేది. అలాంటి పిల్లల వెనకాల నిలబడి ఏమీ చెప్పలేక ఎన్నిసార్లు బాధపడ్డానో నాకే తెలుసు. నువ్వు వాళ్లలో ఒకతివి కావడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి రేపు ల్యాబ్‌లో నీ పక్కనున్న పిల్లతో చెప్పు: "అరగంట నువ్వు, అరగంట నేను." ఒప్పుకోకపోతే ల్యాబ్ మేడమ్‌తో చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నువ్వూ ఫీజు కట్టే చేరావు. మెల్లగా టైప్ చేస్తావు, తప్పులు వస్తాయి, రానీ. ఎంటర్ నొక్కే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఏం జరుగుతుందో అబ్జర్వేషన్ పుస్తకంలో పెన్సిల్‌తో ఒక ముక్క రాసుకో. తర్వాత నొక్కు. నువ్వు అనుకున్నది ఒకటి, తెర మీద వచ్చింది ఇంకొకటి అయితే, ఆ రోజు నువ్వు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. మెనూలో ఏది ఎక్కడుందో బట్టీ పట్టకు. వచ్చే ఏడాది కొత్త వెర్షన్‌లో అవి చోటు మారిపోతాయి. నువ్వు ఇచ్చింది ఎక్కడికి పోయింది, లోపల ఏమైంది, బయటికి ఇలాగే ఎందుకు వచ్చింది, ఈ మూడూ అడుగుతూ ఉండు.

ఇన్‌పుట్, ప్రాసెస్, అవుట్‌పుట్ అని మొదటి యూనిట్‌లో బొమ్మ ఉంటుంది కదా, దాన్ని నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు. మీ అమ్మ పొద్దున, సాయంత్రం పాల కేంద్రానికి పాలు తీసుకుపోతుంది. అక్కడ కాసిన్ని పాలు మిషన్‌లో పెడతారు, ఫ్యాట్ ఎంతో తేలుతుంది, తూకం పడుతుంది, రేటు కట్టి చీటీ బయటికి వస్తుంది. వైవా అనే నోటి పరీక్షలో అడిగితే ఈ ఉదాహరణే చెప్పు. పుస్తకంలో ఉన్న వాక్యం అందరూ చెబుతారు.

ర్యామ్‌కూ హార్డ్ డిస్క్‌కూ తేడా తెలియడం లేదన్నావు. మన వంటింటి గట్టు ర్యామ్, అటక హార్డ్ డిస్క్. వంట చేసేటప్పుడు కావలసినవి అటక మీంచి దించి గట్టు మీద పెట్టుకుంటాం. గట్టు పెద్దదైతే నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి. రాత్రి గట్టు కడిగేస్తాం, దాని మీద ఏదీ మిగలదు. కరెంటు పోవడమంటే ఆ కడగడమే. సేవ్ చేయడమంటే అటక ఎక్కించడం. రెండు వరుసలు టైప్ చేసినప్పుడల్లా కంట్రోల్, ఎస్ నొక్కడం వేళ్లకు నేర్పు.

బిట్లు, బైట్ల దగ్గర పిల్లలు ఎక్కువగా బెదిరిపోతారు. బిట్ అంటే ఒక 0 లేదా 1, అలాంటివి ఎనిమిది కలిస్తే ఒక బైట్, అంతే. నువ్వు ఇలా చెయ్యి. నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగులో తిరుపతి అని ఒక్క మాట రాసి సేవ్ చెయ్యి. ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో సైజు చూడు. ఇప్పటి విండోస్‌లో అయితే 21 బైట్లు అని ఉంటుంది. అదే ఊరి పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే 8. ఎందుకని? మన కంటికి తిరుపతి నాలుగు అక్షరాలే. కంప్యూటర్ మాత్రం త, దానికి గుడి, ర, దానికి కొమ్ము, ప, మళ్లీ త, దానికి గుడి అని ఏడుగా దాచుకుంటుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. మనం ఒకటో తరగతిలో పలక మీద నేర్చుకున్న గుణింతమే లోపల ఉంది చూడు! అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికింది. ఈ లెక్క మొదటిసారి క్లాసులో చేసి చూపించినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా లేచి నిలబడి చూశారు. నాకు ఇప్పటికీ ఆ రోజు గుర్తుంది.

ఇంకొకటి కూడా చూడు. గళ్లలో అంకెలు వేసి లెక్కలు చేసే ప్రోగ్రామ్ ఎక్సెల్. ఎక్సెల్‌లో ఖాళీ షీట్ తెరిచి, కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కు. చివరి వరుస 10,48,576 దగ్గర ఆగుతుంది. ఈ వింత అంకె ఎక్కడిదని అడుగు. 2ను ఇరవైసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది అదే. పదిసార్లే వేసి గుణిస్తే 1024. బైనరీ, అంటే 0, 1 రెండే అంకెలతో నడిచే లెక్క, పుస్తకంలో ఉండే పాఠం మాత్రమే కాదని అప్పుడు నీకే తెలుస్తుంది.

ఎక్సెల్ మీద మాత్రం నువ్వు మనసు పెట్టాలి. బీకాం చదివి ఎక్కడ ఉద్యోగంలో చేరినా, ఆడిటర్ దగ్గరైనా, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనైనా, మొదటి రోజు నీ ముందు పెట్టేది ఆ గళ్ల కాగితమే. రికార్డ్‌లో ఇచ్చిన మార్కుల జాబితా ఒక్కసారి చేసి వదిలేయ్. మీ అమ్మ దగ్గరున్న పాల చీటీలతో నీ సొంత షీట్ ఒకటి తయారుచెయ్యి. మొదటి వరుసలో తేదీ, లీటర్లు, రేటు, మొత్తం అని రాయి. లీటరుకు ఇంత బోనస్ అని పక్కన జి1 గడిలో పెట్టు. రేటుకు బోనస్ కలిపి లీటర్లతో గుణించే ఫార్ములా ఒక వరుసలో రాసి కిందికి లాగు. రెండో వరుస సరిగ్గా వస్తుంది. మూడో వరుస నుంచి బోనస్ మాయమవుతుంది. ఎర్ర గీత రాదు, ఎర్రర్ అని రాదు, అంకె చక్కగానే కనిపిస్తుంది. లాగినప్పుడు ఫార్ములా జి1ని వదిలి జి2, జి3 చూసింది. అవి ఖాళీ, అంటే సున్నా. జికి ముందొకటి, 1కి ముందొకటి డాలర్ గుర్తు పెడితే అది కదలకుండా నిలుస్తుంది. ఈ తప్పు నువ్వు చేతులారా ఒకసారి చేసి చూడాలి. తప్పు అని చెప్పే తప్పును ఎవరైనా దిద్దుకుంటారు. చెప్పకుండా కూర్చునే తప్పే మనుషుల డబ్బు తింటుంది. అందుకే మొత్తం వచ్చాక రెండు వరుసలు ఎంచుకుని కాగితం మీద లెక్క కట్టి చూసుకో.

నా సంగతే ఒకటి చెబుతాను. ఒకసారి స్కాలర్‌షిప్ పిల్లల బ్యాంకు ఖాతా నంబర్ల జాబితా నేనే టైప్ చేశాను. పదహారంకెల నంబర్లు. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే పట్టుకుంటుంది, ఆ తర్వాతి దాన్ని సున్నా చేస్తుంది. నేను చూసుకోలేదు. నంబర్లు తప్పని జాబితా వెనక్కి వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. ఒక పిల్ల హాస్టల్ డబ్బు కట్టలేక ఊరికి వెళ్లిపోయింది. నేనే వాళ్ల ఇంటికి వెళ్లి తీసుకొచ్చాను. ఆ పిల్ల తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంటుంది. ఖాతా నంబరు, ఫోన్ నంబరు, హాల్ టికెట్ నంబరు, ఇవి కూడికలు చేసే అంకెలు కావు. టైప్ చేసే ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చు. అంకె గడిలో కుడి పక్కకు, టెక్స్ట్ ఎడమ పక్కకు ఆనుకుంటుంది, అది చూసే ఏది ఏదో పసిగట్టవచ్చు.

కంప్యూటర్ తరాల పాఠం పరీక్షకు ముందు రెండు రోజులు చదివితే చాలు. 1947లో ట్రాన్సిస్టర్, అంటే కరెంటును ఆపి వదిలే బుల్లి స్విచ్ లాంటిది; 1971లో ఇంటెల్ కంపెనీ 4004 చిప్, అందులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు. ఈ మెట్లు గుర్తుంటే మిగతాది నువ్వే అల్లుకోగలవు.

పుస్తకం ఇంగ్లీష్‌లో ఉందని ఏడవకు. ఒక్కో పేరా చదివి, మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పుకో. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువు. చెప్పగలిగితే, అప్పుడు చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో రాయి. ఏఐని అడగొద్దని నేను చెప్పను. అర్థం కానిది వివరించమని అడుగు, తెలుగులోనే అడుగు. రికార్డ్ మాత్రం దానితో రాయించకు.

ల్యాప్‌టాప్ కోసం మీ నాయనను ఇప్పుడే ఒత్తిడి చేయొద్దు. టమాటా ధర ఈసారి ఎలా ఉందో నీకు తెలుసు. మొదటి ఏడాదికి కాలేజీ ల్యాబ్ చాలు, ఖాళీ పీరియడ్లలో అడిగితే తెరుస్తారు. ఆదివారం మా ఇంటికి రా, నా పాత సిస్టమ్ ఉంది, అందులో లిబ్రేఆఫీస్ వేసిపెట్టాను, ఎక్సెల్ లాంటి పనులన్నీ అందులో చేయొచ్చు, అది ఉచితమే. నెట్ సెంటర్‌లో పరీక్ష ఫీజు కట్టినప్పుడు లాగౌట్ అయ్యి, డౌన్‌లోడ్ అయిన ఆధార్ కాపీ తీసేసి లేచి రా. ఓటీపీ పక్కవాళ్లకు చదివి వినిపించకు.

వచ్చేటప్పుడు అమ్మను అడిగి పాల చీటీలు తెప్పించుకో. నెల రోజులవి చాలు. నువ్వు టైప్ చెయ్యి, నేను పక్కన కూర్చుని చదివి చెబుతాను.

మీ పెద్దమ్మ