మిసో దొరక్కపోతే మాక్రోబయోటిక్ డైట్ ఆగిపోతుందా?

మీ ప్రశ్న ఇది: "వీగన్ (పాలు, పెరుగు కూడా లేని) మాక్రోబయోటిక్ డైట్ (ముడిధాన్యం, కూరలు, పప్పు ప్రధానంగా తినే పద్ధతి) మొదలుపెట్టి రెండు నెలలైంది. లోకల్‌గా పండేవి, సీజన్‌లో వచ్చేవే తినాలంటున్నారు. కానీ పుస్తకంలో రాసిన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన జపాన్ పుల్లకాయ), సముద్రపు నాచు హైదరాబాద్‌లో కొనాలంటే జీతం సరిపోవట్లేదు. ఎలా?"

కొనడం మానేయండి. ఆరేళ్ల నుంచి ఈ తిండే తింటున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మొదటి ఏడాది నేనూ మీలాగే అన్నీ తెప్పించుకున్నాను. మిసో డబ్బా ఎండాకాలంలో కొరియర్‌లో వచ్చింది, మూత తీస్తే ఉబ్బి ఉంది. పారేయలేక, తినలేక ఫ్రిజ్‌లో పెట్టుకుని తిరిగాను.

ఈ పద్ధతి పుట్టింది జపాన్‌లో. అక్కడి సైన్యంలో వైద్యుడిగా చేసిన సాగెన్ ఇషిజుకా ఆలోచనల్ని జార్జ్ ఒసావా దేశదేశాలకూ తీసుకెళ్లాడు. ఒసావా దగ్గర నేర్చుకున్న మిచియో కుషి అమెరికాలో, బోస్టన్‌లో ఉండి ప్రచారం చేశాడు. వాళ్లు పట్టుకున్న మాట 'షిందో ఫుజి'. అంటే ఒళ్లూ, నేలా వేరు కాదని. బోస్టన్ మంచులో ఉన్న మనిషిని మామిడిపండు, కొబ్బరి తినొద్దన్నారంటే సరే. జహీరాబాద్ వైపు పుట్టి పెరిగిన నన్ను మామిడిపండు మానేసి జపాన్ నాచు తినమంటే అది ఆ మాటకే విరుద్ధం కదా? ఆ జాబితా వాళ్ల నేల చూసి వాళ్లు రాసుకున్నది. మన జాబితా మనం రాసుకోవాలి.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు, మా పెద్దమ్మ చేనులో తెలిసింది. ఆ ఏడాది వినాయక చవితికి ఊరికి వెళ్తూ నా తిండి నేనే డబ్బాల్లో పెట్టుకుని వెళ్లాను. పెద్దమ్మకు అప్పటికే డెబ్బై దాటాయి. మిసో డబ్బా మూత తీసి వాసన చూసింది. "గిదేంది బిడ్డా, పులిసిన పిండి లెక్కుంది" అంది. సోయాబీన్స్ ఉడికించి నెలల తరబడి పులియబెడతారని, ఒంటికి మంచిదని చెప్పాను. "మంచిదేనేమో, గని మనకాడ లేదా పులిసింది? నడువు, కూర తెంపుకొద్దాం" అని చెప్పులేసుకుంది.

ముందురోజు వాన పడింది. పచ్చజొన్న నడుము దాటి ఎదిగింది, సాళ్ల మధ్య కంది. నా కళ్లకు జొన్న, కంది తప్ప మిగతాదంతా గడ్డిలాగే ఉంది. పెద్దమ్మ వంగి ఒక్కోటి తెంపుతూ పేరు చెప్పింది. తుమ్మి, దొగ్గలి, జొన్నచెంచలి, గంగవాయిలి. తుమ్మిపువ్వు తెంపి వెనక్కి తిప్పి నా నోట్లో పెట్టింది. నాలుక మీద తేనె చుక్కంత తీపి. గంగవాయిలి ఆకు దళసరిగా ఉంటుంది, నమిలితే పుల్లగా, జిగటగా. నేను ఒక మొక్కను కలుపు అన్నాను. "కలుపంటే తిననోడికి. తినేటోళ్లకు కూర" అంది. గంట తిరిగేసరికి ఆమె ఒడి నిండిపోయింది. వీటిలో ఒక్కటీ ఎవరూ విత్తింది కాదు, నీళ్లు పెట్టింది కాదు.

ఇంటికి వచ్చి తుమ్మికూరను చింతపులుసు పోసి పెసరపప్పుతో వండింది. మా వైపు చవితి నాడు తుమ్మికూర తినడం ఆనవాయితీ. జొన్నపిండిని మరిగిన నీళ్లతో కలిపి, పీట మీద అరచేత్తో కొడుతూ తిప్పుతూ రొట్టె చేసింది. పెనం మీద వేశాక పైన తడి చేత్తో నీళ్లు రాసి, ఆ తడి ఆరగానే తిరగేసింది. రొట్టె, కూర, పచ్చి ఉల్లిగడ్డ. ధాన్యం, పప్పు, ఆకు. మాక్రోబయోటిక్ పుస్తకంలో సగం కంచం ముడిధాన్యం, పావు వంతు పైన కూరలు, కాస్త పప్పు అని లెక్క ఉంటుంది చూడండి, ఆ లెక్క నా ముందున్న సత్తు పళ్లెంలో సరిగ్గా సరిపోయింది. నెయ్యి వేయొద్దన్నాను, వేయలేదు. ఆ రోజు నుంచి మిసో కొనలేదు.

కానీ ఒక్క మాట చెప్పకపోతే నాకు మనసు ఆగదు. మా పెద్దమ్మ చేను గట్టు దాటితే పక్కది పత్తి చేను. అందులో గడ్డి మందు కొట్టారు. నేలంతా నున్నగా, ఎర్రగా. తుమ్మి లేదు, గంగవాయిలి లేదు. ఆకుకూరల్లో పోషకాలున్నాయని టీవీల్లో చెబుతూ, ఊరికే మొలిచే ఆకుకూరల్ని మందు కొట్టి చంపుకుంటున్నాం. కూలి దొరకదు, ఏం చేయమంటారు అని రైతు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా బాధ బాధే. అదే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా జాతర చేస్తారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. వీలైతే ఒక్కసారి వెళ్లి చూడండి. ఏ డైట్ క్లాసులోనూ అంత నేర్చుకోలేరు.

ఇక సీజన్ అంటారా, క్యాలెండర్ మన పండుగల్లోనే ఉంది. తొలి ఏకాదశికి పేలాల పిండి. శ్రావణంలో బోడకాకర. సీతాఫలం బతుకమ్మ దాటాక జోరందుకుంటుంది. చలికాలంలో పచ్చి కందికాయ, అనపకాయ ఉప్పేసి ఉడకబెట్టుకుని ఒలుచుకు తినడం. సంక్రాంతికి నువ్వులు అద్దిన సజ్జరొట్టె. ఉగాది దగ్గర చింతచిగురు. మాక్రోబయోటిక్ వాళ్లు వంకాయ, టమాటా, ఆలుగడ్డ ఒద్దంటారు. టమాటా తగ్గించాను, అది లేకుండా కూరే వండలేమన్నట్టు ఏడాది పొడుగునా వేయడం నాకూ నచ్చదు. వంకాయ మాత్రం మానలేదు. అది ఈ గడ్డ మీది కూరగాయ, నాకు ఎప్పుడూ ఇబ్బంది చేయలేదు.

ధాన్యం దగ్గర జాగ్రత్త. 2023 చిరుధాన్యాల సంవత్సరం అన్నారు కదా, అప్పటి నుంచి మా వీధి చివర షాపులో కొర్రలకు రంగురంగుల సంచులు వచ్చాయి, లోపల పాలిష్ పట్టిన కొర్రలు. తౌడు తీసేశాక ఇంకేం ముడిధాన్యం? జొన్నలు విడిగా కొని గిర్నీలో మీ కళ్లముందే పట్టించుకోండి. చవకా, నమ్మకమూ.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఇది చదివి అక్కడ ఫ్రోజెన్ మునక్కాయలు కొంటుందేమోనని తనకూ చెప్పాను. నీకు లోకల్ అంటే మునక్కాయ కాదే, చలికాలంలో నీ ఊరి మార్కెట్లో దొరికే గుమ్మడి, క్యాబేజీ అని.

వీగన్ కాబట్టి మీకు అసలు కష్టం పెరుగు దగ్గర వస్తుంది. అన్నం చివర్లో పెరుగు లేకపోతే తిన్నట్టే ఉండదు, నాకూ ఆరు నెలలు పట్టింది. నేను అలవాటు చేసుకున్నది జొన్న అంబలి. పిండి నీళ్లలో కలిపి రాత్రంతా పులియనిచ్చి, పొద్దున మరిగించి చల్లారాక మజ్జిగకు బదులు నిమ్మరసం, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు. కోస్తా వైపు వాళ్లకు తరవాణి (పులిసిన గంజి) ఉండనే ఉంది. పెద్దమ్మ అడిగిన పులిసింది ఇదే.

బి12 మాత్ర మాత్రం తప్పకుండా వేసుకోండి. మూడో ఏడాది నాకు అరికాళ్లలో తిమ్మిర్లు, రెండు మెట్లెక్కితే ఆయాసం. తిండి మారిన ప్రభావం అనుకున్నాను. రక్తపరీక్షలో బి12 140 వచ్చింది, కనీసం 200 ఉండాలట. నాచులో, పులిసిన సోయాలో బి12 ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను ఈ డైట్‌లో పెట్టకండి. 1980లలో నెదర్లాండ్స్‌లో మాక్రోబయోటిక్ కుటుంబాల పిల్లల్ని పరిశీలిస్తే బి12, విటమిన్ డి లోపం, ఎదుగుదల తగ్గడం కనిపించాయి. మా పిల్లలు పాలు, పెరుగు తింటారు, నేను అడ్డు చెప్పను.

చివరగా మీ ఉమెబోషి. పుల్లగా, ఉప్పగా, ఏడాది నిలవుండే కాయ, అంతే కదా. చలికాలంలో పచ్చి చింతకాయ వస్తుంది. గింజ గట్టిపడక ముందే రెండు కిలోలు తీసుకోండి. కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీకి ఎత్తండి. మూడో రోజు తీసి ఈనెలు, గింజలు ఏరేసి మళ్లీ మెత్తగా దంచండి. నూనె అక్కర్లేదు. జాడీ మెడకు గుడ్డ కట్టి అటక మీద పెట్టండి. కావలసినప్పుడు ఉసిరికాయంత తీసి, కాల్చిన పచ్చిమిరపకాయ, వెల్లుల్లి వేసి నూరి, జొన్నరొట్టెలోకి తినండి.