కొత్త యాప్ అందరూ వాడాలంటే ముందు బస్సు సంగతి అందులో పెట్టించండి

"మా కంపెనీలో వాట్సాప్ గ్రూపులు ఆపేసి ఉద్యోగుల కోసం వేరే మెసేజింగ్ యాప్ తెస్తున్నారు, అందరూ వాడేలా చేయడం ఎలా?" అని అడిగారు. నేను విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల ఫ్యాక్టరీలో హెచ్ఆర్ చూస్తాను. ఈ పని దగ్గరుండి చేయించాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ట్రైనింగులు, పోస్టర్లు, ముందు చేరినవాళ్లకి గిఫ్టులు, వీటి వల్ల ఒక్కరు కూడా మారరు. మనిషికి రోజూ అవసరమైన కబురు ఆ యాప్‌లో అందరికంటే ముందు, సరిగ్గా దొరకాలి. అప్పుడు మీరు చెప్పకపోయినా వస్తారు.

మా దగ్గర మొదట అందరూ చేసేదే చేశారు. యాప్ అమ్మినవాళ్ల తరఫున ఒక అబ్బాయి వచ్చి క్యాంటీన్‌లో తెర కట్టి ఇంగ్లీషులో స్లైడ్లు వేశాడు. ఛానల్ అన్నాడు, థ్రెడ్ అన్నాడు. వింటున్నవాళ్లు తెల్లవారకముందే ఇంట్లోంచి బయల్దేరి, ఎ షిఫ్ట్ దిగి, ఇంటికెళ్లే బస్సు కోసం చూస్తున్న మనుషులు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ లేచి "మేడమ్, బస్సు లేటయితే ఇందులో తెలుస్తాదా?" అని అడిగింది. ఆ అబ్బాయికి తెలుగు రాదు, నేను చెబితే "అది మీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు పెట్టాలి" అన్నాడు. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి ఆ మీటింగ్‌కే రాలేదు, ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, దానికి జవాబు లేకుండానే అందరి చేతా సంతకాలు పెట్టించుకుని పంపేశారు.

లాగిన్ గొడవ ఇంకోటి. కంపెనీ మెయిల్ ఐడీ ఉంటేనే లోపలికి రానిస్తుందట. ఆపరేటర్లకి, కాంట్రాక్టు వాళ్లకి మెయిల్ ఎక్కడిది? ఓటీపీ పెడదామంటే చేరినప్పుడు ఇచ్చిన నంబరు ఇప్పుడు వాళ్లబ్బాయి దగ్గరుంది. పైగా ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, గౌను వేసుకునే ముందే లాకర్‌లో పెట్టేయాలి. అలాంటి చోట పదకొండింటికి "అర్జెంట్" అని పెడితే చూసేదెవరు? ఇలాంటివి కొనేవాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని కొంటారు, షాప్‌ఫ్లోర్ మనిషిని ఒక్కమాట అడగరు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దీనికే. చివరికి ఎంప్లాయీ కోడ్‌తో లాగిన్ పెట్టించాం, క్యాంటీన్ గుమ్మం దగ్గర ఒక టీవీ పెట్టి ముఖ్యమైనవి అందులో కూడా తెలుగులో కనబడేలా చేశాం.

కానీ జనం మారింది వాన రోజున. వాయుగుండం పట్టి పొద్దుట్నుంచి ఒకటే వాన, బి షిఫ్ట్ బస్సులు బయల్దేరే వేళ. వాట్సాప్ గ్రూపు నిండా మెసేజ్‌లే, ఒకరు బస్సు రాదంటారు, ఇంకొకరు వచ్చేసిందంటారు, ఎవరో పాత వరద ఫోటో పెట్టారు. లంకెలపాలెం జంక్షన్‌లో తడుస్తూ నిలబడ్డ ఆడవాళ్లు నాకు ఫోన్ చేశారు. అప్పటికి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని బతిమాలి ఒప్పించి ఉన్నాను, ఆయన రూటు రూటుకీ విడిగా, టైముతో సహా కొత్త యాప్‌లో పెడుతున్నాడు. గాజువాక బస్సు ఎక్కడుంది, అనకాపల్లి బస్సు ఎంత లేటు, ఎవరు ఏ షెడ్డు కింద ఆగాలి, అన్నీ. వాళ్లలో ఒకమ్మాయి ఫోన్‌లో యాప్ ఉంది, ఆమె చదివి మిగతావాళ్లకి చెప్పింది. మర్నాడు లాగిన్ కోసం నా టేబుల్ చుట్టూ మనుషులే.

ఆ తర్వాత షిఫ్ట్ రోస్టర్, మిగిలిన సెలవులు, పేస్లిప్ అన్నీ అక్కడికే మార్చాం. మా ప్లాంట్ హెడ్ గారు వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి వచ్చేసి, ఆఫీసు సంగతి ఏదైనా యాప్‌లోనే అడగమన్నారు. ఇది చాలా ముఖ్యం. పెద్దాయన పాత గ్రూపులో ఉన్నంతకాలం సూపర్‌వైజర్లు కదలరు, వాళ్లు కదలకపోతే కింద ఎవరూ కదలరు.

అసలు వాట్సాప్ గ్రూపులు వద్దని నేను పట్టుబట్టడానికి కారణం వేరే. గ్రూపులో చేర్చగానే మా ల్యాబ్ అమ్మాయిల నంబర్లు ముక్కూముఖం తెలియనివాళ్లందరికీ కనబడేవి, రాత్రుళ్లు పిచ్చి ఫోన్లు వచ్చేవి. ఉద్యోగం మానేసి పోయినవాళ్లు నెలల తరబడి గ్రూపులోనే ఉండేవారు. 2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోతే సి షిఫ్ట్ వాళ్లకి కబురు పంపే దారే లేదు. కాబట్టి ఏ యాప్ పెట్టినా ఇంకొక దారి, కనీసం ఎస్ఎంఎస్, ఉంచుకోండి. కొనేముందు మన డేటా బయటికి తీసుకోవడం ఎలాగో రాయించుకోండి కూడా. ఫేస్‌బుక్ వాళ్లు 2016లో తెచ్చిన వర్క్‌ప్లేస్ అనే ఇలాంటి ఆఫీసు యాప్‌నే 2024లో మూసేస్తున్నామని ప్రకటించారు, అంత పెద్ద కంపెనీదే అలా అయింది.

ఇంకొకటి, మీ వాళ్లతో మొదటిరోజే తేల్చుకోండి. షిఫ్ట్ దిగిన మనిషికి రాత్రి మోగకూడదు. మా యాప్‌లో డ్యూటీ అయ్యాక బస్సు, భద్రత కబుర్లు తప్ప మిగతావి మోగకుండా సెట్టింగ్ పెట్టించాను. మేనేజర్లు కొందరు గొణిగారు, నేను ఒప్పుకోలేదు. ఇంటికెళ్లాక పిల్లల దగ్గర కూర్చున్న మనిషిని రేపటి టార్గెట్ గురించి రాత్రి పదింటికి అడిగే హక్కు ఎవరికీ లేదు, యాప్ కొత్తదైనా పాతదైనా.