తండ్రి ఒక్కసారే కనిపించే పద్యం

తమ్ముడూ,

మీ నాన్న మీద నువ్వు పంపిన కవిత రెండుసార్లు చదివాను. కోపం తెచ్చుకోకు, అందులో ఆకాశం ఉంది, మర్రిచెట్టు ఉంది, కొవ్వొత్తి కూడా ఉంది గానీ మీ నాన్న మాత్రం ఎక్కడా లేడు.

ఒకసారి బద్దెన పద్యం తీసి చూడు. అదే, చిన్నప్పుడు బళ్లో అర్థం తెలీకుండానే ఊగుతూ అప్పజెప్పిన ‘పుత్రోత్సాహము తండ్రికి’. సుమతీ శతకంలోది, 13వ శతాబ్దం నాటిదంటారు. కంద పద్యం కదా, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస కుదరాలి, ఆయన ఏకంగా నాలుగు పాదాలూ ‘పుత్ర’తోనే ఎత్తుకున్నాడు. తండ్రి అన్న మాట మాత్రం పద్యం మొత్తంలో ఒక్కసారే, మొదటి పాదం చివర, ఓ మూల. కావాలని చేశాడో ప్రాస కోసం అలా పడిందో నాకనవసరం, మా ఇల్లు అచ్చం అలాగే ఉండేది.

చాలా ఏళ్లు ఆ పద్యమంటే నాకు ఒళ్లుమంట. మా అమ్మాయి పుట్టిన రాత్రి నర్సు దాన్ని తువ్వాల్లో చుట్టి చేతిలో పెడితే మోకాళ్లు వణికాయి, పుట్టినప్పుడు సంతోషం పుట్టదు, జనం పొగిడితేనే పుడుతుందని రాసినాయన ఎప్పుడైనా పిల్లని ఎత్తుకున్నాడా అనుకున్నా. (కూతుళ్ల ఊసే లేదు, ఆ గొడవ నాకింకా తీరలేదు.)

కానీ మా నాన్న సంగతి వేరు. రైస్‌మిల్లులో బస్తాలు మోసేవాడు, చదువు రాదు. నా మొదటి కథ వారపత్రికలో పడ్డప్పుడు ‘ఊఁ’ అని ఊరుకున్నాడు. నెల తర్వాత మిల్లు గుమస్తా బజార్లో కనిపించి, మీ నాన్న రోజూ అన్నాలవేళ నాతో ఆ కథ చదివిస్తున్నాడయ్యా, విన్నవాళ్లు బాగుందంటే మళ్లీ మొదట్నించీ చదవమంటాడు, అన్నాడు. ఇంటికెళ్లి పత్రిక తీసి చూస్తే నా కథ ఉన్న పేజీలకే తవుడు అంటుకుని ఉంది. రెండో పాదం చివర ‘జనులా’ అంటూ బద్దెన జనాన్ని తెచ్చి తండ్రికీ కొడుక్కీ మధ్య ఎందుకు నిలబెట్టాడో అప్పుడు తెలిసింది, చదువు రాని మనిషికి కొడుకు ఏం రాశాడో జనం చెప్తేనే కదా తెలిసేది!

కాబట్టి ఆ ఆకాశం, కొవ్వొత్తీ కొట్టెయ్. మీ నాన్న కండక్టరన్నావుగా, డ్యూటీ దిగొచ్చి చిల్లర లెక్కపెట్టుకునేటప్పుడు ఆయన వేళ్లు చూసి రాయి.

అన్నట్టు, ఆ కథ గురించి మా నాన్న నాతో అన్నది ఒక్క మాటే. “మన గేదెని చంపేశావంటగా, ఎందుకురా?”