18 నిండిన అమ్మాయి వివరాలు ఆసుపత్రివాళ్లు చెప్పట్లేదంటే

అమ్మాయికి 18 నిండడమే కారణం. మీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నా, అమెరికాలో రోగి వివరాలను గోప్యంగా ఉంచే హిపా చట్టం ప్రకారం ఇక అనుమతి ఇవ్వాల్సింది తనే.

ఇప్పుడు తను మాట్లాడగలిగితే, "మా అమ్మానాన్నలకు చెప్పండి" అని నర్సుతో నోటిమాటగా అన్నా సరిపోతుంది. కోలుకున్నాక ఇవి చేయించండి:

1. హెల్త్‌కేర్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వైద్య నిర్ణయాలు తీసుకునే అధికారం మీకిచ్చే పత్రం.

2. హిపా అనుమతి పత్రం. చాలామంది వదిలేసేది ఇదే. మొదటిది సాధారణంగా తను నిర్ణయం తీసుకోలేని స్థితిలోనే పనికొస్తుంది. స్పృహలో ఉండగా, తను ప్రతిసారీ నోటితో చెప్పక్కర్లేకుండా డాక్టరు మీతో మాట్లాడాలంటే ఇది కావాలి. సంతకం తనదే. ఏ వివరాలు చెప్పకూడదో కూడా తనే రాయొచ్చు. ఆ మాట ముందే చెప్పండి, పిల్లలకు భయం తగ్గుతుంది.

3. బ్యాంకు పనులకు డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (తను నిర్ణయం తీసుకోలేని స్థితిలోనూ చెల్లే అధికార పత్రం), నోటరీతో.

కాలేజీ వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి ఫారాలు కూడా నింపించండి. కాపీలు మీ ఫోన్లో ఉంచుకోండి.