మైటాసిస్, మియోసిస్ కలిసిపోతున్నాయా? బయాలజీ వదిలేసే ముందు ఇది చూడు

ప్రశ్న: సార్, కణాలు విభజన చెందే రెండు పద్ధతులు, మైటాసిస్, మియోసిస్ ఒకే రోజు కూర్చుని బాగా చదివా, ఎగ్జామ్‌లో ఒకదాని బదులు ఇంకోటి రాసేశా. ప్రతిసారీ ఇంతే. నా మెమరీ వీకేమో, బయాలజీ వదిలేసి వేరే కోర్సు తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా, ఈ ఒక్క కారణంతో అయితే అస్సలు వద్దు. నువ్వు రాసిన తప్పు చూడు, ఒకదాని బదులు రెండోది రాశావ్, అంటే రెండూ బుర్రలో ఉన్నట్టే కదా, తీసేటప్పుడు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయంతే. మెమరీ వీక్ అయితే పేపర్ ఖాళీగా ఇచ్చి వచ్చేదానివి.

దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. పాతది కొత్తదానికి అడ్డొస్తుంది, కొత్త సంవత్సరం వచ్చి పది రోజులైనా నోట్స్ మీద పాత సంవత్సరమే వేస్తాం చూడు, అలా. కొత్తది పాతదాన్ని కప్పేయడం కూడా ఉంది. రెండు విషయాలకి పోలిక ఎంత ఎక్కువుంటే గొడవ అంత ఎక్కువ. ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టి తన మీద తనే టెస్ట్ చేసుకున్నాడు, మర్చిపోవడం మొదట్లోనే చాలా స్పీడుగా జరిగి తర్వాత నెమ్మదిస్తుందని 1885లో వేసిన పుస్తకంలో తేల్చాడు (ఎంత ఓపికో మనిషికి!). 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే వాళ్లు ఓ ఇద్దరు స్టూడెంట్ల మీద చూస్తే, చదివాక నిద్రపోయినప్పుడు మెలకువగా ఉన్నప్పటికంటే ఎక్కువ గుర్తుంది. అందుకే చదవగానే ఫోన్ పట్టుకోకుండా పడుకో.

ఇక నీ పని. ముందు మైటాసిస్ ఒక్కటే చదువు, మర్నాడు పుస్తకం మూసేసి గుర్తున్నంత రాయి, ఆ తర్వాతే మియోసిస్ ముట్టుకో. రెండూ వచ్చాక ఒక పేజీ మధ్యలో గీత గీసి తేడాలు మాత్రమే రాయి, కామన్‌గా ఉన్న ప్రోఫేజ్, మెటాఫేజ్ లాంటి దశల పేర్లు వద్దు, కలిపేసేవి అవే. ఇటు మైటాసిస్ వైపు 2 కణాలు, క్రోమోజోముల సంఖ్య మారదు, అటు మియోసిస్ వైపు 4 కణాలు, సంఖ్య సగం. ఇటు క్రోమోజోములు విడివిడిగా వరసలో నిలబడతాయి, అటు మొదటి విభజనలో జంటలుగా. ఈ పేజీ చూసి చదవడం కాదు, చూడకుండా రాయాలి, రెండ్రోజులకోసారి. మొదట్లో తప్పులొస్తాయి, రానీ.

రెండు వారాలు చేసి అదే పేపర్ మళ్లీ రాసి చూసుకో. అప్పటికీ బయాలజీ అంటే విసుగే అనిపిస్తే అది వేరే సంగతి, అప్పుడు కోర్సుల గురించి మాట్లాడుకుందాం.