గల్ఫ్‌లో మనవాళ్లు అరెస్టయితే ఎంబసీ విడిపించగలదా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయినవాళ్లు కేసులో ఇరుక్కుంటే ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. విడిపించలేదు. ఏ దేశం గడ్డ మీద ఆ దేశం చట్టమే నడుస్తుంది, సార్వభౌమాధికారం అంటే అదే. అక్కడి కోర్టుకు మన రాయబారి ఆదేశం ఇవ్వలేడు.

కానీ సంతకం పెట్టిన ఒప్పందానికి ప్రతి దేశం కట్టుబడాలి. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పట్టుబడిన విదేశీయుడికి తన దేశ కాన్సులేట్‌కు (అక్కడ తన పౌరులకు సాయం చేసే ఆ దేశ ప్రభుత్వ కార్యాలయానికి) కబురు చేయించుకునే హక్కుందని పోలీసులు ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సులర్ అధికారి జైలుకెళ్లి కలవొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు. గూఢచారి అంటూ పాకిస్తాన్ సైనిక కోర్టు మరణశిక్ష వేసిన భారతీయుడు కులభూషణ్ జాధవ్ విషయంలో పాకిస్తాన్ దీన్ని ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జులై 17న తేల్చింది. అయినా విడుదల చేయమనలేదు, పాకిస్తాన్ కోర్టు ఇచ్చిన తీర్పును, శిక్షను సమీక్షించమంది.

చిక్కు ఎక్కడంటే, కబురు పంపమని ఖైదీయే అడగాలి. భయంతో అడగకుండా, చదవరాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టేస్తే కేసు బిగుసుకుంటుంది. అందుకే ఇంటివాళ్లు ఆగొద్దు. పాస్‌పోర్టు నంబరు, అక్కడి గుర్తింపు కార్డు నంబరు, కంపెనీ పేరు, జైలు లేదా ఠాణా పేరు రాసి విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. పోయే ముందే వీటి జిరాక్సులు ఇంట్లో ఉంచుకోవడం చాలా అవసరం.

శిక్ష పడ్డాక ఇంకో దారి ఉంది. ఖైదీల బదిలీ ఒప్పందం ఉన్న దేశమైతే, మన 2003 చట్టం కింద మిగతా శిక్ష ఇక్కడి జైల్లో అనుభవించొచ్చు. ఖైదీతో పాటు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.