ఎనిమిది ఆటల బండిల్‌లో మీరు ఆడేవెన్ని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: చిన్న బృందాలు తయారుచేసే ఇండీ గేమ్‌లు, వాటిని గుత్తగా చవగ్గా ఇచ్చే బండిళ్లు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాను. ఒక సైట్‌లో ఎనిమిది గేమ్‌లు కలిపి 12 డాలర్లకు ఇస్తున్నారు. ‘అసలు విలువ 160 డాలర్లు’ అని పైన పెద్దక్షరాల్లో ఉంది. ఇంత తగ్గింపు మళ్లీ రాదని రూమ్మేట్లు తొందరపెడుతున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ముందు ఆ 160ని మర్చిపోండి. అది అమెరికా ధర, అదీ ఏ తగ్గింపూ లేని రోజు ధర. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మనకు రూపాయల్లో వేరే ధరలుంటాయి. అక్కడ 20 డాలర్లున్న ఇండీ గేమ్ ఇక్కడ చాలాసార్లు వెయ్యిలోపే ఉంటుంది. జూన్ చివర్లో వచ్చే వేసవి సేల్‌లోనో, డిసెంబర్ చివర్లో వచ్చే శీతాకాలం సేల్‌లోనో అది ఇంకా పడిపోతుంది. కాబట్టి మీరు పోల్చుకోవాల్సింది ‘అసలు విలువ’తో కాదు, ఆ ఆట మన దగ్గర ఇప్పటిదాకా ఎంత తక్కువకు అమ్ముడైందో ఆ ధరతో.

ఒక కాగితం తీసుకుని ఎనిమిది పేర్లూ రాయండి. మీ దగ్గర ముందే ఉన్నవి కొట్టేయండి. పేరు చూసి మోసపోకుండా ఒక్కోదాని స్టోర్ పేజీ తెరవండి. ఎనిమిదిలో ఒకటి సౌండ్‌ట్రాకో, వేరే ఆటకు అదనంగా వచ్చే డీఎల్‌సీయో అయి ఉండొచ్చు. అసలు ఆట లేకుండా డీఎల్‌సీ ఎందుకూ పనికిరాదు. కేవలం ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడేదైతే, ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో స్టీమ్ ఆటల లెక్కలు చూపే స్టీమ్‌డీబీ సైట్‌లో చూడండి. రోజు మొత్తంలో ఇరవై మంది కూడా లేకపోతే అదీ కొట్టేయండి. ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన ఆట) అని ఉంటే చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడాలి. ఏడాది దాటితే ఆ ఆట పూర్తవుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. మిగిలినవాటి దగ్గర ఒక్కటే ప్రశ్న: ఇది విడిగా అమ్మితే కొంటానా?

ఇలా వడకడితే ఎనిమిదిలో మూడు మిగిలాయనుకుందాం. ఈజ్‌దేర్‌ఎనీడీల్ సైట్‌లో దేశం ఇండియా అని మార్చి, ఆ మూడింటి అతి తక్కువ ధర చూడండి. ఉదాహరణకు 149, 199, 324 అనుకుంటే మొత్తం 672 రూపాయలు. డాలర్ 88 రూపాయలనుకుంటే మీ 12 డాలర్ల బండిల్, బ్యాంకు చార్జీలతో కలిపి సుమారు 1,100 అవుతుంది (లెక్క తర్వాతి జవాబులో ఉంది). అంటే సేల్ దాకా ఆగితే 428 మిగులుతాయి. అదే మూడింట్లో ఒకటి కొత్త ఆట, దాని తక్కువ ధరే 800 అయితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు బండిల్ తీసుకోవడమే లాభం. ఆ సైట్‌లోనే ఒక్కో గేమ్ ఇంతకుముందు ఎన్ని బండిళ్లలో వచ్చిందో కూడా ఉంటుంది. మూడు నాలుగుసార్లు వచ్చిన ఆట ఐదోసారీ రావచ్చు. మీ రూమ్మేట్ల ‘మళ్లీ రాదు’ అక్కడే తేలిపోతుంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునేవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. చవగ్గా ఉందని కుప్పంతా ఎత్తుకొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

ఇంకో మాట. బండిల్‌కు మెట్లుంటే, అంటే ఇంత కడితే మూడు, ఇంకొంచెం కడితే ఐదు అని ఉంటే, మీ ఆటలు ఏ మెట్టులో ఉన్నాయో చూసి అక్కడే ఆగండి. పై మెట్టులో ఊరించే పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, పక్కనున్నవి తరచు బరువు కోసం కలిపినవి. 2010 మేలో హంబుల్ ఇండీ బండిల్ మొదటిసారి వచ్చినప్పుడు ‘మీకు తోచినంత ఇవ్వండి’ అన్నారు, అందులో కొంత సేవా సంస్థలకు వెళ్లేది. ఆ బండిల్‌లో వరల్డ్ ఆఫ్ గూ లాంటి మంచి ఆటలుండేవి. ఇప్పుడు ఈ వ్యాపారం చాలావరకు మెట్ల లెక్కల మీదే నడుస్తోంది.

ప్రశ్న: మల్కాజిగిరిలో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం. బండిల్ కొనబోతే నా డెబిట్ కార్డు తిరస్కరిస్తోంది. మా బావమరిది కార్డుతో కొంటే పేజీలో చూపించిన దానికన్నా ఎక్కువ పట్టుకున్నారు. ఎందుకలా?

జవాబు: రెంటికీ కారణం బ్యాంకే. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కు వెళ్లి అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి ఓ 1,500 దగ్గర పెట్టండి. కొన్నాక మళ్లీ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు నంబరు ఉంటే చాలు డబ్బు పోతుంది. మీది రూపే కార్డైతే ఆ సైట్ తీసుకోకపోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్‌లతో ఆ ఇబ్బంది తక్కువ.

ఎక్కువ పట్టింది ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసే రుసుము. చాలా బ్యాంకుల్లో ఇది 2 నుంచి 3.5 శాతం ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. 12 డాలర్లు, డాలర్ 88 అనుకుంటే 1,056. 3.5 శాతం చొప్పున మార్కప్ 36.96. దాని మీద జీఎస్టీ 6.65. మొత్తం 1,099.61. ఇది కాక చెక్‌అవుట్ పేజీలో పన్ను వేరుగా కలిపారేమో చివరి అంకె దగ్గర చూసుకోండి. 18 శాతం కలిస్తే 12 కాస్తా 14.16 డాలర్లవుతుంది. ‘రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయల మీటలో వాళ్ల మారకం రేటు ఉంటుంది, అది మీ బ్యాంకు రేటు కన్నా సాధారణంగా ఖరీదు.

స్టీమ్‌లో నేరుగా కొనే బండిళ్లకు ఈ తలనొప్పి లేదు. రూపాయల్లో యూపీఐతో కట్టొచ్చు. అక్కడ ఇంకో సౌకర్యం కూడా ఉంది: బండిల్‌లో ఐదింటికి రెండు మీ దగ్గర ముందే ఉంటే, మిగతా మూడింటికే డబ్బు తీసుకుంటారు, బండిల్ తగ్గింపు మాత్రం తగ్గదు. సేల్ రోజైతే ఆ తగ్గింపు సేల్ ధర మీద పడుతుంది. 480 రూపాయల ఆట సగం ధరకు 240, బండిల్‌లో మరో 10 శాతం పోతే 216. అయితే పేజీలో ‘ప్యాకేజీ’ అని ఉంటే ఇది వర్తించదు, ఉన్నవాటికి కూడా మళ్లీ కట్టాల్సిందే. బండిల్‌లోని ఆటలన్నీ కలిపి రెండు గంటలకన్నా తక్కువ ఆడి, 14 రోజుల్లోపు అడిగితే డబ్బు వాపసు వస్తుంది. బయట సైట్‌లో కొన్న కీకి (స్టీమ్‌లో వేస్తే ఆట మీ ఖాతాలో చేరే కోడ్) స్టీమ్ పైసా కూడా ఇవ్వదు.

ప్రశ్న: బండిల్‌లో వచ్చిన కీలలో రెండు ఆటలు నా దగ్గర ముందే ఉన్నాయి. ఒకటి పనిచేయడం లేదు. పైగా స్టీమ్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపలేకపోతున్నాను. — తార్నాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: మూడు ముడులు, ఒక్కొక్కటే విప్పుదాం.

ఉన్న ఆటల కీలను ‘రివీల్’ మీట నొక్కి తెరవకండి. చాలా సైట్లలో దాని పక్కనే గిఫ్ట్ లింకు ఉంటుంది. కీ ఒకసారి తెరిచారంటే వాపసు అడిగే దారి మూసుకుపోతుంది, కొన్నిచోట్ల గిఫ్ట్ లింకు కూడా పోతుంది. ఇప్పటికే తెరిచి స్టీమ్‌లో వేశారా? ‘మీ దగ్గర ముందే ఉంది’ అని వస్తే కంగారు లేదు, కీ ఖర్చు కాలేదు, స్నేహితుడికి ఇచ్చేయొచ్చు. ఇక్కడో చిక్కుంది. ఆ కీలో ఆటతో పాటు మీ దగ్గర లేని చిన్న డీఎల్‌సీ ఉన్నా సరే, కీ మీ ఖాతాలోనే ఖర్చయిపోతుంది. అందుకే ‘డీలక్స్ ఎడిషన్’ కీలను పరీక్షకు కూడా వేయొద్దు.

పనిచేయని కీని చేత్తో టైప్ చేసి ఉంటే కాపీ చేసి అతికించి చూడండి. సున్నాకూ, ఇంగ్లీషు ‘O’ అక్షరానికీ తేడా కంటికి ఆనదు. వరుసగా తప్పులు పడితే స్టీమ్ గంటసేపు ఏ కీనీ తీసుకోదు. ఆగి ప్రయత్నించాలి. ‘డూప్లికేట్ కీ’ అని వస్తే వేరే ఖాతాలో ఎవరో వాడేశారన్నమాట. స్క్రీన్‌షాట్ తీసి అమ్మినవాళ్లకే రాయాలి. ‘మీ ప్రాంతంలో చెల్లదు’ అని వస్తే చేసేదేమీ లేదు. కొనేముందే బండిల్ పేజీలో ఒక్కో ఆట కింద దేశాల పరిమితి ఉందేమో చూడాలి. కీకి గడువు తేదీ కూడా ఉండొచ్చు. తర్వాత చూద్దాంలే అని ఏడాది వదిలేసిన కీలు ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి.

ఫ్రెండ్ రిక్వెస్ట్ సంగతి చాలామందికి తెలియదు. స్టీమ్ స్టోర్‌లో కనీసం 5 డాలర్లకు సమానమైన డబ్బు ఖర్చుపెట్టేదాకా, లేదా వాలెట్‌లో వేసేదాకా మీది పరిమిత ఖాతా. బయట కొన్న కీలు యాభై వేసినా ఆ లెక్కలోకి రావు. వాలెట్‌లో ఆ మేరకు వేసుకుంటే సరిపోతుంది. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, తర్వాత సేల్‌లో వాడుకోవచ్చు.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాస్తున్నానండీ. మా ఇద్దరు పిల్లలూ ఒకే గేమ్ కోసం కొట్టుకుంటున్నారు. ఇద్దరికీ చెరొకటి కొనాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంట్లోని ఆరుగురి దాకా చేరొచ్చు. పెద్దబాబు ఖాతాలోని ఆట చిన్నబాబూ తన ఖాతా నుంచే ఆడుకుంటాడు, ఎవరి సేవ్‌లు (ఎక్కడిదాకా ఆడారో దాచుకున్నవి) వాళ్లవి. ఇద్దరూ ఒకేసారి వేర్వేరు ఆటలు ఆడొచ్చు. ఒకే ఆటను ఒకే సమయంలో ఆడాలంటే మాత్రం రెండు కాపీలుండాలి. ముందే ఉన్న ఆటకు బండిల్‌లో మళ్లీ వచ్చిన కీ పనికొచ్చేది ఇక్కడే. మీరు పెద్దవారిగా, వాళ్లు పిల్లలుగా చేరితే ఆడే సమయానికి హద్దు పెట్టొచ్చు. రెండు జాగ్రత్తలు: కొన్ని ఆటలకు ఈ పంపకం ఉండదు, అది స్టోర్ పేజీలో ఉంటుంది. తమ్ముడు అన్న కాపీతో ఆన్‌లైన్‌లో దొంగాట ఆడి పట్టుబడితే అన్న ఖాతాకూ నిషేధం పడుతుంది.

ఇద్దరూ కలిసి ఆడాలనుకుంటే స్ప్లిట్ స్క్రీన్ (ఒకే తెరను పంచుకుని ఇద్దరూ ఆడే వీలు) ఉన్నవి వెతకండి. స్టార్‌డ్యూ వ్యాలీకి అది ఉంది. ఒక కాపీ, ఒక కంప్యూటర్, రెండు కంట్రోలర్లు చాలు.

ప్రశ్న: పాత విండోస్ 7 కంప్యూటర్, మా అక్కయ్య మ్యాక్‌బుక్ ఉన్నాయి. ఇండీ గేమ్‌లు తేలికే కదా, ఆడతాయా?

జవాబు: విండోస్ 7కు స్టీమ్ 2024 జనవరి 1 నుంచి మద్దతు ఆపేసింది. ముందు విండోస్ మార్చాలి. మ్యాక్‌లో 2019లో వచ్చిన కాటలీనా అనే వెర్షన్ నుంచి 32 బిట్ (పాత రకం) ఆటలు అసలు తెరుచుకోవు. పాత బండిళ్లలోని చాలా ఆటలు ఆ కోవలోవే. మ్యాక్ గుర్తు కనబడిందని కొనేయకుండా, కింద అవసరాల పట్టికలో 64 బిట్ అని ఉందో లేదో చూడండి. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఒకే 8 జీబీ ర్యామ్ ఉంటే, అలాంటిదే రెండోది వేయిస్తే ఆటల వేగం బాగా తేడా కనిపిస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలోని కంప్యూటర్ షాపులకు వెళ్లేముందు మీ ర్యామ్ ఏ రకమో (డీడీఆర్4, డీడీఆర్5 లాంటివి) అన్నది, రెండో స్లాట్ ఖాళీగా ఉందా లేదా అన్నది తెలుసుకుని వెళ్లండి.

ప్రశ్న: టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన 50 రూపాయలకు రెండు కీలు ఇస్తానంటున్నాడు.

జవాబు: వద్దు. బండిళ్ల కీలు తిరిగి అమ్మడం చాలా సైట్ల నిబంధనలకు విరుద్ధం. దొంగ కార్డుతో కొన్నవైతే కంపెనీ తర్వాత రద్దు చేస్తుంది, మీ లైబ్రరీలోంచి ఆట మాయమవుతుంది. మీకు కీ పంపినాయన అప్పటికి గ్రూపులో ఉండడు.

ప్రశ్న: ఇండీ గేమ్‌లు అమ్మే ఇచ్.ఐఓ సైట్‌లో 2020లో 5 డాలర్లకు 1,700 పైగా వస్తువులున్న బండిల్ కొన్నాను. లైబ్రరీలో నాలుగే కనిపిస్తున్నాయి. మిగతావి పోయాయా?

జవాబు: పోలేదు. జాతి వివక్షను ఎదిరించే సంస్థలకు విరాళంగా ఆ జూన్‌లో పెట్టిన బండిల్ అది, 80 లక్షల డాలర్లకు పైగా పోగైంది. అక్కడ ఆటలు వాటంతటవి లైబ్రరీలో చేరవు. బండిల్ పేజీలో ఒక్కోదాని దగ్గర డౌన్‌లోడ్ మీట నొక్కితే, అది మాత్రమే చేరుతుంది. కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్‌లో ఆ పేజీ లింకుంటుంది. విండోస్ అని వడపోసి, పేరుతో వెతికి, కావలసినవి నొక్కుకోండి. అందులో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటల పీడీఎఫ్‌లు కూడా బోలెడున్నాయి. వచ్చిన ఇన్‌స్టాలర్‌ను హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే మళ్లీ దించే పని ఉండదు.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్ వైఫై సాయంత్రమైతే నత్తనడక. నా రూమ్మేట్ దగ్గరున్న ఆటే నేనూ బండిల్‌లో కొన్నాను. మళ్లీ 9 జీబీ దించుకోవాలా?

జవాబు: 40 ఎంబీపీఎస్ నిఖార్సుగా వచ్చినా సెకనుకు 5 ఎంబీ, అంటే 9 జీబీకి అరగంట. పంచుకునే వైఫైలో మూడు గంటలు. అంత అవసరం లేదు. ఇద్దరూ స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ కింద లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేయండి. మొదట్లో అది ఒకే ఖాతా వాడే కంప్యూటర్ల మధ్యే పనిచేసేలా ఉంటుంది, దాన్ని ‘ఫ్రెండ్స్’కు మార్చాలి. మీరు ఇన్‌స్టాల్ నొక్కగానే ఫైళ్లు అతని ల్యాప్‌టాప్‌లోంచి వస్తాయి. హాస్టల్ రౌటర్లు తరచు ఒక ల్యాప్‌టాప్‌ను మరోదానికి కనబడనివ్వవు. అలా అయితే రెండింటినీ ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఫైళ్లు ల్యాప్‌టాప్‌ల మధ్యే తిరుగుతాయి కాబట్టి మొబైల్ డేటా లాగిన్‌కూ, చిన్న చిన్న తనిఖీలకూ తప్ప ఖర్చు కాదు. అతని ఆట తాజా అప్‌డేట్‌తో ఉందో లేదో ముందే చూడండి, లేకపోతే ఇంటర్నెట్ నుంచి దించుకోవాల్సి రావొచ్చు.